"అలగేనమ్మా" దగ్గర ఆగిపోకుండా: అడ్డపొగ గురించి మాట్లాడే పద్ధతి

చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం అడ్డపొగ. "అడ్డపొగ మానెయ్యమ్మా, నోట్లో క్యాన్సరొస్తాది" అంటే శ్రీకాకుళం తీరం వెంబడి పల్లెల్లో ఏ పెద్దావిడైనా "అలగేనమ్మా" అంటుంది. చెప్పినవాళ్ళు రిజిస్టర్లో కౌన్సెలింగ్ ఇచ్చినట్టు రాసుకుని పక్కింటికి వెళ్తారు. వాళ్ళు వీధి మలుపు తిరిగేలోగా ఆవిడ ఆర్పి దాచుకున్న చుట్ట మళ్ళీ ముట్టిస్తుంది. ఆ "అలగే" ఒప్పుకోలు కాదు. వచ్చిన మనిషిని మర్యాదగా సాగనంపడం.

ఈ "అలగే"ని దాటి వెళ్ళడానికి ఒక పద్ధతి ఉంది. ఇంగ్లిష్‌లో దాని పేరు మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్. అమెరికన్ మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో తాగుడు అలవాటున్నవాళ్ళ గురించి రాసిన వ్యాసంతో మొదలైంది. స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి ఆయన రాసిన పుస్తకం 1991లో వచ్చింది, నాలుగో కూర్పు 2023లో వచ్చింది. పేరు పెద్దదే గానీ లోపలి సంగతి మన ఇళ్ళల్లో తెలిసిందే: మనిషి తన నోటితో అన్న మాటకి కట్టుబడతాడు, పక్కవాడు అన్న మాటకి అడ్డం చెబుతాడు. అలవాటున్న మనిషిలో మానాలనీ ఉంటుంది, వద్దనీ ఉంటుంది. మీరు వెళ్ళి "మాను" అనే వైపు పట్టుకుంటే ఆవిడకి మిగిలేది రెండో వైపే. అప్పుడు ఆవిడ చుట్ట తరఫున వకాల్తా పుచ్చుకుంటుంది. ఎంతసేపు వాదిస్తే అంత గట్టిపడుతుంది.

ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, ఉపకేంద్రంలో కూర్చునే సీహెచ్‌ఓలు (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు), పళ్ళ డాక్టర్లు వాడుకునేలా ఇది రాశాం. ఉదాహరణకి అడ్డపొగే తీసుకున్నాం, ఎందుకంటే శ్రీకాకుళం జిల్లాలో ఇంతకంటే పాతుకుపోయిన అలవాటు ఇంకోటి కనబడదు.

ముందు తెలుసుకుని వెళ్ళాల్సినవి

అడ్డపొగలో వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. అందుకే ఇక్కడ క్యాన్సర్ బుగ్గకీ నాలుక్కీ మాత్రమే కాదు, మిగతా చోట్ల అరుదుగా కనిపించే గట్టి అంగిలికి కూడా వస్తుంది. ఈ ప్రాంతపు పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించిన అధ్యయనం 1971లో అచ్చయింది. ఆ తర్వాత శ్రీకాకుళంతో పాటు కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాల్లో మొత్తం 36 వేల మంది పొగాకు వాడేవాళ్ళకి నచ్చజెప్పి చూసిన మరో అధ్యయనం 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అంటే "చుట్ట మానండి" అన్న మాట ఈ ఊళ్ళకి కొత్త కాదు. మీరు ఎదురుగా కూర్చున్న ఆవిడ వాళ్ళమ్మ కూడా విని ఉండొచ్చు.

అంగిట్లో తెల్లటి మచ్చ, ఎర్రటి చుక్కలు, పైపొర దళసరిగా మారడం, కారం తగిలితే మంట, ఇవి చూడాల్సిన గుర్తులు. రెండు వారాలు దాటినా మానని పుండు, గడ్డ, నోరు తెరుచుకోకపోవడం ఉంటే ఈ సంభాషణలేవీ పెట్టుకోకుండా ముందు జిల్లా ఆసుపత్రికి పంపాలి. 30 ఏళ్ళు దాటినవాళ్ళకి చేసే నోటి పరీక్ష ఎలాగూ మీ పనిలో ఉంది కాబట్టి మాట మొదలుపెట్టడానికి అదే మంచి సందు.

ఇంకో చిన్న విషయం. "రోజుకెన్ని చుట్టలు?" అని అడిగితే లెక్క తక్కువొస్తుంది. ఒక్క చుట్టనే ఆర్పుకుంటూ ముట్టించుకుంటూ పూటంతా నడిపిస్తారు. "రోజుకి ఎన్నిసార్లు ముట్టిస్తావు, మొదటిది ఎప్పుడు?" అని అడగండి. లేచిన అరగంటలోనే ముట్టించేవాళ్ళకి మానడం కష్టం ఎక్కువ.

కూర్చోవడం

కనీసం 15 నిమిషాలుంటేనే మొదలుపెట్టండి. నిలబడి, చేతిలో ట్యాబ్ పట్టుకుని, తలుపు దగ్గర మాట్లాడితే ఇది కుదరదు. అరుగు మీద పక్కన కూర్చోండి. కోడలు వినేంత దూరంలో ఉంటే పని జరగదు. అత్తగారి చుట్ట ఆ ఇంట్లో ఇప్పటికే ఒక తగువు, మీరు కోడలి తరఫున వచ్చినట్టు అయిపోతారు. కోడలు "చెప్పండమ్మా, మా మాట వినదు" అన్నదంటే "తర్వాత నీతో వేరే మాట్లాడతాను" అని పక్కకి తప్పించండి.

సొంతూరి ఆశా అయితే ఎప్పుడూ పిలిచే వరసతోనే పిలవాలి. అత్త, అప్ప, పెద్దమ్మ, ఏది అలవాటైతే అది, నువ్వు అనడం అలవాటైతే నువ్వే. ఒక్కసారిగా "మీరు" అని మొదలెడితే ఏదో సర్కారు పని మీద వచ్చారనుకుంటుంది. బయటి నుంచి వచ్చిన సీహెచ్‌ఓ, డాక్టరు మాత్రం "అమ్మా, మీరు" అనే అనాలి.

ఆ పైన అనుమతి. "అత్తా, నీ చుట్ట సంగతి ఓ రెండు ముక్కలు మాట్లాడుకుందామా? వద్దంటే వేరే కబుర్లే చెప్పుకుందాం." వద్దంటే నిజంగానే వదిలెయ్యండి. వచ్చే నెల ఆవిడే కదుపుతుంది, చాలాసార్లు.

మొదటి ప్రశ్న "చుట్టతో నీకు ఏటి బాగుంటాది?" అన్నదే అవ్వాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇది మింగుడుపడదు, అలవాటుని పొగిడినట్టు ఉంటుందని. కానీ ఈ ప్రశ్న అడిగితే ఆవిడ కాపలా దింపుతుంది. పైగా వచ్చే జవాబులన్నీ తర్వాత మీకు కావలసినవే. సముద్రపు గాలికి ఆరిపోదు, పని చేస్తుంటే నుసి రాలదు, పన్ను పోటు తెలీదు, పొద్దున్నే కడుపు కదులుతుంది. ప్రతి కారణం వెనకా ఒక అవసరం ఉంది. చుట్ట పోతే ఆ అవసరానికి ఏం చెయ్యాలో ఆఖర్న అక్కడి నుంచే తేలుతుంది.

తిరిగి చెప్పడం, ప్రశ్నలా కాకుండా

ఈ పద్ధతికి ఇది ప్రాణం. ఎదుటివాళ్ళు అన్నదాన్ని, లేదా అనబోయి ఆగినదాన్ని, మీ మాటల్లో తిరిగి చెప్పాలి. తెలుగులో దీనికో చిక్కుంది. చివరి అచ్చుని సాగదీస్తే చాలు, మాట ప్రశ్న అయిపోతుంది. "మనవరాలు దగ్గరికి రావట్లేదా?" అంటే ఆవిడ "రాదు" అని ఊరుకుంటుంది. "మనవరాలు దగ్గరికి రావట్లేదు" అని గొంతు దించి, చిన్నగా ఆపి చూడండి. ఆవిడ ఆ మాటకి తర్వాతి ముక్క తనే కలుపుతుంది. "అవునా? నిజమా? ఎందుకని?" అనే ధోరణి కబుర్లకి బాగుంటుంది, ఇక్కడ పనికిరాదు. ఆపిన తర్వాత మనసులో అయిదు లెక్కపెట్టండి. ఆ అయిదు సెకన్లు భరించలేకనే చాలామంది సలహాలోకి దిగిపోతారు.

ప్రశ్నకి రెండు చొప్పున తిరిగి చెప్పే మాటలు ఉండాలని దీనిలో శిక్షణ ఇచ్చేవాళ్ళు లెక్క పెడతారు. మొదట్లో ఒకటికి ఒకటి వచ్చినా మంచిదే. మన ఫారాలన్నీ ప్రశ్నలే కాబట్టి ఈ లెక్క మారడానికి టైం పడుతుంది.

"గానీ"కి ఇవతలా అవతలా

ఒక్క విషయమే గుర్తుంటుందంటే ఇది గుర్తుంచుకోండి. అలవాటున్న మనిషి మాటలో "గానీ" వచ్చినప్పుడల్లా దానికి ముందు ఒక మనిషి, తర్వాత ఇంకో మనిషి మాట్లాడుతున్నారు. "మానాలనే ఉంది గానీ అలవాటైపోనాది." మనం అందరం రెండో సగానికే జవాబిస్తాం: "ఎంత అలవాటైనా మానొచ్చు అత్తా." దాంతో ఆవిడ అలవాటు ఎంత గట్టిదో నిరూపించే పనిలో పడుతుంది. జవాబు ఇవ్వాల్సింది మొదటి సగానికి.

ఎలా ఉంటుందో చూడండి.

"మరి దీంతో ఇబ్బందేటి అత్తా?"
"కారం తినలేకపోతన్నాను. మనవరాలు గుంటని రమ్మంటే కంపని ఎలిపోతాది. మానేద్దామనే ఉంది గానీ, ఏటి సేత్తాను, అలవాటైపోనాది."
"అలవాటు గట్టిదే. అయినా, ఆ గుంట ఒళ్ళో కూకోవాలని ఉంది నీకు."
"ఉండదేటమ్మా... దాని కోసమైనా తగ్గించాల."

మూడో వరసలో జరిగిన పని చిన్నదే. ఆవిడ చెప్పిన వరస తిరగబడింది. ఆవిడ "మానాలి, గానీ అలవాటు" అంది. తిరిగి చెప్పినప్పుడు అలవాటు ముందుకొచ్చి, మనవరాలు చివరికొచ్చింది. మనిషి చివర విన్నదాని మీదే మాట కలుపుతాడు కాబట్టి "తగ్గించాల" అన్నది ఆవిడ నోట వచ్చింది. అలవాటుని తక్కువ చెయ్యలేదు కూడా. "గట్టిదే" అని ఒప్పుకున్నాకే రెండో మాట. ఆ ఒప్పుకోలు వదిలేసి నేరుగా మనవరాలి మీదకి దూకితే ఎత్తిపొడిచినట్టవుతుంది. ఇక్కడ ఇంకో తప్పు కూడా జరుగుతుంటుంది. మనవరాలి మాట రాగానే "మరి ఆ పిల్ల కోసమైనా మానవా?" అని పట్టుకుంటారు. ఆవిడ ఇచ్చిన కారణాన్ని లాక్కుని ఆవిడకే గురిపెట్టడం అది. కారణం ఆవిడ చేతిలోనే ఉండనివ్వండి.

క్రియ చివర వినండి

మార్పు వైపు మాటల్ని ఇంగ్లిష్ పుస్తకాలు ఏడు రకాలుగా విడదీస్తాయి. తెలుగులో వాటిని బట్టీ పట్టక్కర్లేదు, క్రియ చివర వింటే చాలు. "మానాలనుంది" కోరిక. "మానగలను, మాల వేసినప్పుడు ఉండలేదా" సత్తువ. "మానితే కారం తినొచ్చు" కారణం. "మానాల" అవసరం. ఈ నాలుగూ మనసు కదిలిందని చెబుతాయి, అంతే. "మానేస్తాను" నిర్ణయం, "ఈ కట్ట అయిపోతే కొనను" సిద్ధపడటం, "నిన్న సాయంత్రం ముట్టించలేదు" అన్నది అప్పుడే వేసిన అడుగు. ఈ మూడింట్లో ఒకటైనా వినబడేదాకా ప్లాను ఎత్తొద్దు. ముందే ఎత్తితే మళ్ళీ "అలగే" మొదటికొస్తుంది.

ఇక "సూద్దాంలే", "దేవుడున్నాడు", "రేపట్నుంచి మానేస్తానమ్మా" అని గబగబా అనేయడం, వీటిని మార్పు వైపు లెక్కెయ్యకండి. ముఖ్యంగా చివరిది. కారణం ఏదీ చెప్పకుండా మొదటి అయిదు నిమిషాల్లోనే వచ్చిన "మానేస్తాను" మిమ్మల్ని లేపడానికే.

మాట నెమ్మదించినప్పుడు కొలత అడగొచ్చు. పుస్తకాల్లో 0 నుంచి 10 దాకా అంకెల పట్టీ ఉంటుంది. చదువుకున్న కుర్రాళ్ళకి సరిపోతుంది. పెద్దావిడలకి రూపాయి తేలిక: "మానాలన్న ఆలోచన నీకు రూపాయిలో ఎంతుంది? పావలానా, అర్ధరూపాయా, ముప్పావలానా?" అర్ధరూపాయి అన్నదనుకోండి. "ముప్పావలా ఎందుక్కాదు?" అని అడిగితే అడ్డంకుల చిట్టా విప్పుతుంది. "పావలా అనకుండా అర్ధరూపాయి అన్నావే, ఏం?" అని అడగాలి. అప్పుడు చెప్పేవన్నీ మానడానికి కారణాలే. తర్వాత అదే రూపాయితో రెండో కొలత: "మానాలనుకుంటే మానగలనన్న ధైర్యం ఎంతుంది?" కోరిక ముప్పావలా, ధైర్యం పావలా ఉన్న మనిషికి క్యాన్సర్ సంగతులు చెప్పడం దండగ. ఆవిడకి కావలసింది ఎలాగన్నది.

మీకు తెలిసింది చెప్పాల్సివస్తే

నిజాలు దాచమని ఈ పద్ధతి చెప్పదు. అడిగి, చెప్పి, మళ్ళీ అడగాలి. "అంగిలి మీద ఈ తెల్లదనం ఎందుకొస్తాదో నీకేమైనా తెలుసా అత్తా?" ఆవిడ చెప్పిందానికి మీరు ఒక్క ముక్క కలపండి: "నిప్పు వేడికీ పొగకీ తోలు మందమై అలా తెల్లబడతాది. మానేసినోళ్ళలో కొందరికి తగ్గిపోతాది, కొందరికి అక్కడే పుండవుతాది." వెంటనే "దీనికి నువ్వేటంటావు?" అని వదిలెయ్యండి. చిన్న అద్దం, టార్చి ఉంటే ఆవిడ అంగిలి ఆవిడకే చూపించొచ్చు, అడిగి చూపించాలి. కుళ్ళిన నోళ్ళ ఫోటోలు ఫోన్లో చూపించే అలవాటు మాత్రం మానుకోండి. భయం ఎక్కువై, దారి కనబడకపోతే మనిషి ఆలోచించడం మానేసి ఇంకో చుట్ట ముట్టిస్తాడు.

ప్లాను

రోజు ఆవిడే పెట్టుకోవాలి, వారం పది రోజుల లోపల. గ్రామదేవత సంబరాలు, ఇంట్లో పెళ్ళి, సంక్రాంతి ఎదురుగా ఉంటే అవి దాటనివ్వండి. ఇల్లు నిండా చుట్టాలుండి, పదిమంది ముట్టిస్తుంటే మూడో రోజు దాటడం కష్టం. చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం మొదటి రెండు మూడు రోజుల్లో ఎక్కువగా ఉండి, రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతాయి. ఇది ముందే చెప్పకపోతే "నాకు పడలేదు" అని మళ్ళీ మొదలెడతారు.

మొదట్లో చెప్పిన "బాగుండే" కారణాలన్నిటికీ ఒక్కొక్క ఏర్పాటు ఆవిడ చేతే చెప్పించండి. పొద్దున్న కడుపు కదలడానికి లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చటి నీళ్ళు. పన్ను పోటుకి పళ్ళ డాక్టరు, చుట్ట కాదు. నోరు ఊరుకోనప్పుడు సోంపు, వాము, లవంగం. వక్క వద్దు, అది ఒంటరిగానే నోటి క్యాన్సర్ తెచ్చేది. ఖైనీలోకి మారడం అసలే వద్దు. రోజంతా ముట్టించేవాళ్ళకి నికోటిన్ గమ్ లాంటివి పనికొస్తాయేమో డాక్టర్ని అడగాలి. అంగిట్లో పుండూ, నోట్లో పళ్ళు లేకపోవడం చూసి ఆయన చెబుతాడు. పొగాకు మానాలనుకునేవాళ్ళకి జాతీయ ఉచిత ఫోన్ నంబరు 1800 11 2356.

పూర్తిగా మానను, నిప్పు కొస బయటికి తిప్పి తాగుతాను అనే ఆవిడ ఉంటుంది. అది క్షేమం కాదు, ఆ మాట చెప్పాలి. అయినా అంగిటి నుంచి నిప్పు తీసిందంటే ఒక అడుగు వేసినట్టే. దాన్ని కొట్టిపారెయ్యకుండా "నీ అంతట నువ్వే ఒకటి మార్చావు" అనండి. "శభాష్" వేరు, ఇది వేరు. శభాష్ మీరిచ్చే మార్కు. రెండోది ఆవిడ చేసినదాన్ని ఆవిడకి చూపించడం.

పాడయ్యే చోట్లు

అన్నిటికంటే చెడ్డది ఒట్టు. "మనవరాలి మీద ఒట్టెయ్" అని ఇంట్లోవాళ్ళు అంటే ఆపండి. ఒట్టు తప్పిన మనిషి చుట్టతో పాటు మీ ముఖం కూడా దాచుకుంటుంది. తర్వాత మీరు ఆ వీధికి వస్తున్నారంటేనే పెరట్లోకి వెళ్ళిపోతుంది. రెండోది వరస ప్రశ్నలు. మూడోది, మాట వినకపోతే మొండి అనుకోవడం. ఆవిడ గొంతు పెరిగిందంటే మీరు ఎక్కడో ముందుకి తోశారని అర్థం. "నేనే తొందరపడ్డాను అత్తా, నీ ఇష్టం నీది" అని వెనక్కి తగ్గితే చాలావరకు సర్దుకుంటుంది.

ఇదే పద్ధతి విజయనగరం వైపు తాగుడుకీ, ఉద్దానంలో డాక్టర్ని అడక్కుండా మింగే నొప్పి మాత్రలకీ పనికొస్తుంది. మగవాళ్ళతో అయ్యప్ప మాల మంచి మొదలు: "నలభై ఒక్క రోజులు ఎలా ఉండగలిగావు మావా?" ఆయన చెప్పే జవాబులో సగం ప్లాను ఉంటుంది, మాల తీసిన రోజు ఏమైందో అడిగితే మిగతా సగం. కానీ తాగుడులో ఒక జాగ్రత్త ఉంది. రోజూ బాగా తాగే మనిషి, పొద్దున్నే చేతులు వణికే మనిషి ఒక్కసారిగా ఆపితే రెండు రోజుల్లోపల ఫిట్స్ రావొచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల్లో మతి చెదిరి ప్రాణం మీదకి రావొచ్చు. అలాంటివాళ్ళ చేత ఇంట్లో మాన్పించకూడదు, ఆసుపత్రిలోనే. మత్తు మాన్పించే సాయానికి 14446.

రెండోసారి

వారం తిరిగేలోగా వెళ్ళండి. "మానేశావా అత్తా?" అని గుమ్మంలోంచి అడిగితే రెండే జవాబులు, ఔనని అబద్ధం, లేదని సిగ్గు. కూర్చుని "ఈ వారం ఎలా గడిచింది? తేలిగ్గా ఉన్న పూట ఏది?" అని అడగండి. మధ్యలో ముట్టించానంటే "ఎందుకు?" అనొద్దు. "నాలుగు రోజులున్నావు. అయిదో రోజు ఏటి జరిగింది?" అని అడిగితే చావు ఇంటికెళ్ళాననో, వలలు ఒడ్డుకొచ్చేసరికి రాత్రంతా మేలుకున్నాననో చెబుతుంది. ప్లానులో ఆ పూటకి ఏర్పాటు లేదన్నమాట. దాన్ని కలుపుకుని ఇంకో రోజు పెట్టుకోండి.

నేర్చుకునేవాళ్ళు ఆవిడ ఒప్పుకుంటే పది నిమిషాలు ఫోన్లో రికార్డు చేసుకుని ఇంటి దగ్గర వినండి. మీ ప్రశ్నలకి ఒక గీత, తిరిగి చెప్పినవాటికి ఒక గీత, సలహాలకి ఒక సున్నా. మొదటి రికార్డులో సున్నాలే ఎక్కువుంటాయి. "గానీ" ఎన్నిసార్లు వచ్చిందో, ఒక్కోసారి మీరు ఏ సగానికి జవాబిచ్చారో దాని పక్కన రాసుకోండి. విన్నాక రికార్డు చెరిపెయ్యండి.